ధారానగరంలో ఇద్దరు భోజులు



ఒక చిన్న కథతో మొదలుపెడతాను. మీలో చాలామందికి తెలిసిన కథే. ధారానగరానికి పోయే దారిలో కొందరు బ్రాహ్మలు చెట్టునీడన కూర్చుని తలలు పట్టుకున్నారు. వాళ్ళకు వేదం వచ్చు, కవిత్వం రాదు. రాజుగారేమో కవిత్వం చెబితేనే ఇస్తాడని వినికిడి. ఆకలి కవికీ వేస్తుంది, కానివాడికీ వేస్తుంది. చివరికి తమకు కావలసిందేదో అదే ఛందస్సులో ఇరికించారు. అన్నం పెట్టించమన్నారు, పప్పూ నెయ్యీ వేయించమన్నారు. సగం శ్లోకమైంది. మిగతా సగం ఎంత గింజుకున్నా రాలేదు. అటుగా వచ్చిన కాళిదాసు సంగతి విని, గేదెపెరుగు కూడా కలిపాడు. ఆ పెరుగు శరత్కాలపు వెన్నెలలా తెల్లగా ఉండాలన్నాడు. శ్లోకం పూర్తయింది. సభలో అది విన్న భోజరాజు నవ్వి, పప్పూ నెయ్యీ మీవేగాని ఈ పెరుగు మీది కాదు, నా అక్షర లక్షలు పెరుగుకే అన్నాడట.

మన ఇళ్ళల్లో పెరుగన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ లేదు. భోజుడంటే మనకు ఇదే. ముత్యాల పందిట్లో సింహాసనం, పక్కన కాళిదాసు, ఎదురుగా సమస్య ఇవ్వడానికి ఒకడు, పూరించడానికి ఇంకొకడు, మధ్యలో వరహాల మూటలు. 1960లో వచ్చిన 'మహాకవి కాళిదాసు' సినిమాలో అక్కినేని కాళిదాసుగా, ఎస్.వి. రంగారావు భోజరాజుగా కనిపించాక ఆ బొమ్మ మన కళ్ళల్లో ఇంకా గట్టిగా కూర్చుంది.

ఇప్పుడొక శాసనం సంగతి చెబుతాను. కర్ణాటకలో బాదామికి దగ్గర్లో ఐహొళె అనే ఊరుంది. అక్కడ ఒక జైనాలయం గోడ మీద రెండో పులకేశిని పొగుడుతూ రవికీర్తి అనే కవి చెక్కించిన శాసనం ఉంది. అందులో ఆయన, తాను కాళిదాసు, భారవులంతటి కీర్తి పొందానని చెప్పుకున్నాడు. ఆ శాసనం తేదీ క్రీ.శ. 634. అంటే అప్పటికే కాళిదాసు పేరు పెద్ద పేరు. మరి ధారను ఏలిన భోజుడో? ఆయన గద్దెనెక్కింది 1010 ప్రాంతంలో. ఇద్దరికీ మధ్య తక్కువలో తక్కువ నాలుగు వందల ఏళ్ళు! భోజుడి సభలో కూర్చున్నారని కథలు చెప్పే మిగతావాళ్ళ సంగతీ అంతే. బాణుడు 7వ శతాబ్దంలో హర్షుడి దగ్గర ఉన్నవాడు. భవభూతి 8వ శతాబ్దం వాడు. అసలు భోజుడే తన అలంకార గ్రంథాల్లో కాళిదాసు శ్లోకాలను పాతకాలపు మహాకవి మాటలుగా ఉదాహరించుకున్నాడు. మనం ఉదాహరణకు నన్నయను ఎత్తుకున్నట్టు.

ఈ తప్పు పట్టుకోవడం గొప్ప కాదు. కాలేజీ పిల్లవాడైనా పట్టుకుంటాడు. ఆ తప్పు ఎవరికి అవసరమైంది, ఎప్పుడు అవసరమైంది అన్నది ఆలోచించదగ్గ విషయం. మన భోజరాజు ధారలో పుట్టాడా, పుస్తకాల్లో పుట్టాడా? పుస్తకాల్లోనైతే ఏ పుస్తకంలో, ఎవరి చేతిలో? ఈ పూట ఆ దారి పట్టుకుని వెనక్కి నడుద్దాం.

ముందు చరిత్రలోని మనిషిని చూద్దాం. ఆయన పరమార వంశం వాడు, మాళవదేశపు రాజు. నేటి మధ్యప్రదేశ్‌లోని ధార్ పట్టణమే ఆనాటి ధార. తండ్రి సింధురాజు, పెదనాన్న ముంజుడు. ఈ పెదనాన్న అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది. దొరికిన తామ్రశాసనాలను బట్టి చూస్తే 1010 మొదలు 1055 వరకు, అంటే దాదాపు 45 ఏళ్ళు ఏలాడు. కొంకణం మీదికి దండెత్తి గెలిచాడు. కల్యాణి చాళుక్యులతో, గుజరాత్ చౌళుక్యులతో, చేది రాజులతో జీవితమంతా పోరాడాడు. చివరికి గుజరాత్ భీముడూ చేది కర్ణుడూ కలిసి మీదపడిన రోజుల్లోనే కన్నుమూశాడు.

మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోరిక మీద నన్నయభట్టు భారతం తెలుగు చేస్తున్న రోజులూ ఇవే. ఇద్దరు రాజులూ ఒకే కాలం వాళ్ళు. ఇద్దరికీ తలనొప్పి తెచ్చినవాడూ ఒకడే. కల్యాణి చాళుక్యుడైన ఆహవమల్ల సోమేశ్వరుడు వేంగి రాజకీయాల్లో వేలు పెట్టాడు, ధారానగరం మీదా పడ్డాడు. అంటే మన ఆదికవి గంటం పట్టుకున్న రోజుల్లో అక్కడ ధారలో ఇంకొకరూ గంటం పట్టుకుని కూర్చున్నారు. ఆ పట్టుకున్నది ఆస్థానకవి కాదు, రాజే.

ఈ భోజుడు రాసినవాడు. వ్యాకరణం మీద 'సరస్వతీకంఠాభరణం' రాశాడు. అలంకారశాస్త్రం మీద అదే పేరుతో ఇంకొకటి రాశాడు. పతంజలి యోగసూత్రాలకు 'రాజమార్తాండం' అనే వృత్తి రాశాడు. శైవసిద్ధాంతం మీద 'తత్త్వప్రకాశం' ఉంది. సంస్కృతం చదువుకునే మన పిల్లల చేతుల్లో తరతరాలుగా నలిగిన 'చంపూరామాయణం' ఆయన పేరు మీదే ఉంది. అది సుందరకాండతో ఆగిపోతే యుద్ధకాండను లక్ష్మణసూరి అనే మరో కవి పూర్తిచేశాడు. వీటన్నిటికీ మించింది 'శృంగారప్రకాశం'. 36 ప్రకాశాల గ్రంథం అది. రసాలు తొమ్మిదని లోకమంతా లెక్కపెడుతుంటే, కాదు, ఉన్నది ఒకటే రసం, అది శృంగారం, మనిషిలోని అభిమానం అనే మొలక నుంచే మిగతావన్నీ కొమ్మలు వేస్తాయి అని వాదించినవాడు భోజుడు. మద్రాసులో వి. రాఘవన్ గారు ఆ ఒక్క గ్రంథం మీద ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన పరిశోధనకు 1966లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

'సమరాంగణ సూత్రధారం' సంగతి వేరే చెప్పాలి. పేరు వింటే యుద్ధం గురించేమో అనిపిస్తుంది. నిజానికది 83 అధ్యాయాల వాస్తుశాస్త్రం. ఊరు ఎలా కట్టాలి, ఇల్లు ఎలా కట్టాలి, గుడి ఎలా ఎత్తాలి అన్నీ ఉన్నాయి. అందులో 31వ అధ్యాయం యంత్రాలది. గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాసే కొయ్యబొమ్మలు, ఆడే బొమ్మలు, పాదరసం వేడితో ఎగిరే కొయ్యపక్షి కూడా ఉన్నాయి. వాటి కీలకాలు మాత్రం పూర్తిగా విప్పడు. తెలియక కాదు, గుట్టు దాచడానికే చెప్పడం లేదని తానే అంటాడు.

ఇన్ని పుస్తకాలూ ఒక్కడే రాశాడా, సభాపండితుల చేయి ఉందా అనే చర్చ ఉంది. ఉంటే ఉండనివ్వండి. ఇన్ని శాస్త్రాల మీద పని జరగాలన్న తపన ఉన్న రాజు ఆయన అన్నది కాదనలేం. అనుమానముంటే భోపాల్‌కు దగ్గర్లోని భోజపురం వెళ్ళి చూడండి. బేత్వా నది ఒడ్డున సగంలో ఆగిపోయిన శివాలయం ఉంది. లోపల ఏడున్నర అడుగుల శివలింగం, ఒకే రాయి. గుడి వెనక మట్టితో పోసిన పెద్ద ఏటవాలు కట్ట. బండరాళ్ళను పైకి దొర్లించుకుపోవడానికి వేసుకున్న దారి అది, తీసేయకుండానే వదిలేశారు. చుట్టుపక్కల బండల మీద వంగి చూస్తే గీతలు కనిపిస్తాయి. స్తంభం ఎలా ఉండాలి, శిఖరం ఎలా లేవాలి, మండపం కొలతలేమిటి అని శిల్పులు రాతి మీదే గీసుకున్న నమూనాలు. మేస్త్రీ కాగితం మీద గీసుకునే ప్లాను వెయ్యేళ్ళ కిందట బండ మీద గీస్తే ఎలా ఉంటుందో అలా.

సరే, మనిషిని చూశాం. ఇక కథ ఎక్కడ మొలకెత్తిందో చూద్దాం.

భోజుడు బతికుండగానే ధార చుట్టూ కథలు అల్లుకున్నాయి. గజనీ మహమ్మదు వెంట వచ్చిన అల్‌బిరూనీ 1030 ప్రాంతంలో రాసిన గ్రంథంలో, మాళవానికి రాజధాని ధార, ఇప్పటి రాజు భోజదేవుడు అని చెప్పి, ఊళ్ళో వినిపించే ఒక వింత కూడా రాశాడు. రాజుగారి భవనం గుమ్మంలో మనిషి అవయవాల ఆకారంలో ఒక వెండిముద్ద ఉందట. పూర్వం ఒక రసవాది ఎవరో రాజు దగ్గరికి వచ్చి, మరుగుతున్న నూనెలో దిగితే చావు లేకుండా చేస్తానన్నాడు. రాజు భయపడ్డాడు. రసవాది తానే దిగాడు. ఒక్కొక్క పొట్లమే వెయ్యమని రాజుకు ముందే చెప్పి ఉంచాడు. చావులేని మనిషి తన ఎదుట లేచి నిలబడితే నా గతేమిటని రాజుకు గుబులు పుట్టింది. చివరి పొట్లం వెయ్యలేదు. కాగు చల్లారింది. మనిషి వెండిగా గడ్డకట్టాడు. ఇది భోజుడి కథ కాదు, పాతరాజు కథ. ధారకు రసవాదంతో ముడి అప్పటికే పడిందన్నది మాత్రం చూసుకోండి. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళకు, 15వ శతాబ్దంలో మన అనంతామాత్యుడు 'భోజరాజీయం' రాస్తే అందులో భోజుడు ఒక సిద్ధుడి దగ్గర రసవాద విద్య సంపాదిస్తాడు. ఎక్కడి అరబ్బీ పుస్తకం, ఎక్కడి తెలుగు కావ్యం! రెంటికీ తల్లి ఒకటే, జనం నోరు. మన పాఠాల్లోకి వచ్చిన ఆవూ పులీ కథ, ఆ గోవ్యాఘ్ర సంవాదం, ఆ భోజరాజీయంలోదే.

భోజుడు పోయాక ఆయన పేరును దేశమంతా మోసుకుపోయినవాళ్ళు కవులు. అందులోనూ కాశ్మీరు కవులు. బిల్హణుడు పొట్ట చేతపట్టుకుని కాశ్మీరం నుంచి బయల్దేరి దేశాలు తిరిగి, చివరికి కల్యాణిలో ఆరో విక్రమాదిత్యుడి కొలువులో కుదురుకున్నాడు. ధారను కొల్లగొట్టిన ఆహవమల్లుడి కొడుకే ఈ విక్రమాదిత్యుడు. ఆ తండ్రి ధారను గెలిచిన వైనాన్ని బిల్హణుడు పొగిడాడు కూడా. అయినా తన సొంత కథ చెప్పుకునే చోట ఆయన మనసు దాచుకోలేకపోయాడు. ధార కోటగుమ్మాల మీది పావురాల కూతల్లో, భోజుడు ఉండగా రాకపోతివే అని నగరమే తనను చూసి వాపోయినట్టు వినిపించిందట. శత్రువు ఉప్పు తింటూ భోజుడి కోసం నిట్టూర్చిన కవి!

రెండోవాడు మమ్మటుడు. ఆయన 'కావ్యప్రకాశం'లో ఉదాత్తాలంకారానికి ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒక పండితుడి ఇల్లు. రాత్రి భార్యాభర్తల సరసంలో ముత్యాలహారాలు తెగాయి. తెల్లవారి వాటిని చీపురుతో ఊడ్చి వాకిట్లో ఒక మూలకు నెట్టారు. అటూ ఇటూ నడిచే ఆడవాళ్ళ కాళ్ళ లత్తుక అంటి ముత్యాలు ఎర్రబడ్డాయి. పెంపుడు చిలుకలు దానిమ్మగింజలనుకుని ముక్కుతో లాగుతున్నాయి. ఇదంతా భోజరాజు దానం చలవ అంటాడు కవి. చీపురుతో ముత్యాలు ఊడ్చే పండితులు! అలంకారశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ఈ ఉదాహరణ దాటుకునే పోవాలి. ఒక రాజు పేరు దేశమంతా పాఠంగా పాకడానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడోవాడు కల్హణుడు. 1148, 49ల్లో రాసిన 'రాజతరంగిణి'లో ఆయన చెప్పిన విషయం ఇంకా చిత్రమైనది. కాశ్మీరంలో కపటేశ్వరం అనే తీర్థం ఉంది. పాపాలు కడిగేస్తుందని ఆ ఊటకు పేరు. ఆ నీళ్ళతోనే రోజూ ముఖం కడుక్కుంటానని భోజుడు వ్రతం పట్టాడట. బంగారం పంపి అక్కడ కుండం కట్టించాడు. ఆ నీళ్ళను గాజుకుండల్లో పోయించి క్రమం తప్పకుండా ధారకు చేరవేసినవాడు పద్మరాజు అనే తమలపాకుల వ్యాపారి. కాశ్మీరం నుంచి మాళవానికి గాజుకుండల్లో నీళ్ళు! ఇందులో నిజమెంతైనా, భోజుడు పోయిన వందేళ్ళకు ఆయన పేరు ఎంత దూరం పాకిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గమనించారా? మాట అప్పుడే పక్కకు జరుగుతోంది. వందేళ్ళు తిరక్కుండానే రాసే భోజుడు వెనక్కి పోయి, ఇచ్చే భోజుడు ముందుకొచ్చాడు.

ధారలో కూడా ఆయన్ను మరిచిపోలేదు. 13వ శతాబ్దంలో అదే వంశంలోని అర్జునవర్మ కోసం మదనుడనే కవి 'పారిజాతమంజరి' నాటకం రాసి రాతి మీద చెక్కించాడు. అందులో అర్జునవర్మ ఎవరంటే, మళ్ళీ పుట్టిన భోజుడే. ఇక భోజుడంటే ఒక మనిషి కాదు, రాజులు తొడుక్కునే బిరుదు.

ఇంతవరకూ మనం చూసినవి పొగడ్తలు. ఆయన కథకు మొదలూ తుదీ అమర్చినవారిలో ముఖ్యుడు ఒక జైన సన్న్యాసి. పేరు మేరుతుంగుడు. గుజరాత్‌లోని వఢవాణ్‌లో కూర్చుని 1305 ప్రాంతంలో 'ప్రబంధచింతామణి' పూర్తిచేశాడు. భోజుడు పోయి అప్పటికి 250 ఏళ్ళు. కథకు కథానాయకుడుంటే చాలదు కదా, చిన్నప్పుడు అతనికో గండం ఉండాలి, గండం తెచ్చేవాడు దగ్గర బంధువై ఉండాలి. కృష్ణుడికి కంసుడు లేకపోతే భాగవతం ఎలా నడుస్తుంది? ఆ కంసుడి వేషం ముంజుడికి వేశారు. ఈ పిల్లవాడు 55 ఏళ్ళ 7 నెలల 3 రోజులు రాజ్యమేలుతాడని జ్యోతిష్కుడు చెప్పాడట. రోజులతో సహా! ముంజుడి గుండెలో రాయి పడింది. పిల్లవాణ్ణి చంపమన్నాడు. చావబోయే ముందు భోజుడు ఒక్క శ్లోకం రాసి పంపాడు. మాంధాత వంటివాడు పోయాడు, సముద్రానికి వారధి కట్టినవాడు పోయాడు, ధర్మరాజూ పోయాడు, ఎవరి వెంటా రాని భూమి నీ వెంట మాత్రం వస్తుందిలే అని దాని సారం. చదివిన ముంజుడు కుప్పకూలాడు. తర్వాత కాశీలో పుట్టిన 'భోజప్రబంధం'లోకి కథ చేరేసరికి ఆ శ్లోకం మర్రి ఆకు మీద పిల్లవాడి సొంత నెత్తుటితో రాసినదైంది.

ఎంత గొప్ప కథ! కాని పాపం, ముంజుడు. భోజుడి కొలువులోనే ఉన్న ధనపాలుడనే కవి 'తిలకమంజరి' అనే గద్యకావ్యం రాశాడు. ఆయన ముంజుణ్ణీ ఎరుగును, భోజుణ్ణీ ఎరుగును. ఆయనేమన్నాడో తెలుసా? యోగ్యుడని మెచ్చి, ప్రేమతో ముంజుడే భోజుణ్ణి స్వయంగా అభిషేకించాడన్నాడు. పైగా ముంజుడి తర్వాత ఏలినవాడు భోజుడు కాదు, ఆయన తండ్రి సింధురాజు. ఆ సింధురాజు మీద పద్మగుప్తుడు 'నవసాహసాంకచరితం' అనే కావ్యమే రాశాడు. కథలో ఆ మధ్య రాజు మాయమయ్యాడు. ముంజుడు స్వయంగా కవి, కవులకు ఆశ్రయమిచ్చినవాడు. కల్యాణి తైలపుడి మీదికి గోదావరి దాటి వెళ్ళి పట్టుబడి, అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. పోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పలేడు కదా.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీద్దాం. ముంజుడు సింధురాజుకు అన్న, అంటే భోజుడికి పెదనాన్న. 16వ శతాబ్దం ప్రాంతంలో కాశీలో బల్లాలుడు 'భోజప్రబంధం' రాసేసరికి ముంజుడు తమ్ముడైపోయాడు. అయిదేళ్ళ పిల్లవాణ్ణీ రాజ్యాన్నీ అతని చేతిలో పెట్టి అన్న కన్నుమూస్తాడు. పెదనాన్న కాస్తా చిన్నాన్న అయ్యాడు. అన్న చేతిలో రాజ్యం ఉంటే అది అతని హక్కు. తమ్ముడి చేతిలో ఉంటే అది పిల్లవాడి సొత్తు, తమ్ముడు దాచి ఇవ్వవలసినది. దుర్మార్గం బాగా పండాలంటే వరస మార్చక తప్పలేదు. కథ అవసరాన్ని బట్టి చుట్టరికం మారిపోయింది.

మేరుతుంగుడు చెప్పిన ఇంకొక కథ నాకు చాలా ఇష్టం. ధనపాలుడు తిలకమంజరి వినిపిస్తే భోజుడు మురిసిపోయి, కథలోని అయోధ్య తీసి ధారను పెట్టు, నాయకుడి చోట నన్ను పెట్టు అన్నాడట. కవి ఒప్పుకోలేదు. మాట మీద మాట పెరిగింది. రాజు ఆ ప్రతిని నిప్పుల్లో పడేశాడు. ఇంటికొచ్చి దిగులుగా పడుకున్న తండ్రిని చూసి చిన్న కూతురు, నాన్నా, నేను విన్నంతవరకు నాకు వచ్చు అంటూ అప్పజెప్పిందట. తిలకమంజరి నిజంగా ఏ మంటలోనూ పడలేదు. భోజుడికి జైనకథలంటే ఉన్న కుతూహలం తీర్చడానికే రాశానని ధనపాలుడే అందులో చెప్పుకున్నాడు. కాని ఆ కథలోని కోరిక చూడండి, నన్ను నీ కథలో పెట్టు అనడం! ధనపాలుడు కాదన్నదాన్ని తర్వాతి కవులందరూ కలిసి తీర్చారు. ప్రతి కథలోనూ ఆయన్నే పెట్టారు.

విక్రమార్కుడి సింహాసనం కథలోనూ పెట్టారు. మన కొరవి గోపరాజు 15వ శతాబ్దంలోనే 'సింహాసన ద్వాత్రింశిక'ను తెలుగు పద్యాల్లో చెప్పాడు. చేలో మంచె ఎక్కినప్పుడు దాత, దిగగానే లోభి అయిపోయే మనిషి కథ గుర్తుంది కదా? భోజుడు ఆ మంచె కింద తవ్విస్తే సింహాసనం బయటపడింది. ఎక్కబోతే మెట్ల మీది 32 బొమ్మలూ ఒకదాని తర్వాత ఒకటి ఆపి, విక్రమార్కుడంత దాతవైతే ఎక్కు అన్నాయి. చరిత్రలో కొయ్యబొమ్మలు ఎలా ఆడించాలో పుస్తకం రాసినవాణ్ణి కథలో బొమ్మల ముందు చేతులు కట్టుకుని నిలబెట్టారు. అవి అడిగిన ప్రశ్న కూడా నీకేం తెలుసని కాదు, నువ్వేమిస్తావని.

ఇక బల్లాలుడి భోజప్రబంధంలో ఆ ఇవ్వడానికి హద్దు లేదు. అక్షరానికో లక్ష. కాళిదాసు, బాణుడు, మయూరుడు, భవభూతి, మాఘుడు, సంస్కృతంలో పెద్ద పేరున్న వాళ్ళందరూ ఒకే చావడిలో. ఊళ్ళో కవి కానివాడికి ఇల్లే లేదు. కొత్తగా వచ్చిన కవికి ఇల్లు చూపించాలని భటులు ఒక సాలెవాణ్ణి ఖాళీ చేయమంటే, అతను రాజు దగ్గరికొచ్చి, కవిత్వమూ చెప్పగలను, బట్టా నేయగలను, పొమ్మంటే పోనూ గలను అన్న అర్థం వచ్చే శ్లోకం చెప్పి రాజును కట్టిపడేశాడు. అందమైన కల ఇది. సాలెవాడి నోట కూడా శ్లోకం పలికే ఊరు. ఇలాంటి ఊరిని కనేవాడు ఎవరు? పెద్ద రాజుల కొలువులు ఒక్కొక్కటే పోతున్న రోజుల్లో, సంస్కృతం తప్ప వేరే ఆస్తి లేని పండితుడు. కడుపు నిండినవాడు పంచభక్ష్యాలను కలగనడు. కాళిదాసును నాలుగు వందల ఏళ్ళు ముందుకు లాక్కొచ్చింది చరిత్ర తెలియనితనం కాదు. మాలాంటివాళ్ళకు ఇలాంటి రాజు ఉండాలనే ఆకలి. మన మొదటి కథలో పప్పూ నెయ్యీ అడిగిన ఆ బ్రాహ్మలే ఈ భోజుణ్ణి కన్నారు అంటాను నేను.

దీనికి ఒక్క చిన్న రుజువు. ముంజుడు పోయినప్పుడు పుట్టిన శ్లోకమని మేరుతుంగుడు ఒకటి ఇచ్చాడు. లక్ష్మి విష్ణువు దగ్గరికి పోతుంది, వీరలక్ష్మి వీరుల ఇంటికి పోతుంది, సరస్వతికి మాత్రం ఇక ఆసరా లేదు అని దాని భావం. కాళిదాసు చరమశ్లోకం కథ మీకు తెలుసు. భోజుడు మారువేషంలో వచ్చి రాజు చనిపోయాడంటే, ధారకు ఆధారం లేదు, సరస్వతికి ఆసరా లేదు అని కాళిదాసు వలపోస్తాడు. ఎదుటి మనిషి కూలిపోతాడు. చూస్తే రాజే. వెంటనే నాలుగు అక్షరాలు మార్చి, సరస్వతికి ఆసరా ఉంది అని చెప్పి బతికిస్తాడు. రెండు శ్లోకాల్లోనూ సరస్వతి ఆసరా కోల్పోయే మాట అదే, అక్షరం మారలేదు. పెదనాన్న మీద చెప్పిన ఏడుపును తీసి అబ్బాయికి తొడిగారు. ముంజుడికి కత్తినిచ్చి, అతని పేరు మీద ఉన్న కన్నీళ్ళను మాత్రం భోజుడికి ఇచ్చారు.

ఆ పేరు మన దాకా ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను. ఉత్తరాదిన పొంతన లేనివాళ్ళను పోల్చాల్సివస్తే రాజా భోజుడెక్కడ, గంగు తేలీ ఎక్కడ అంటారు, మనం నక్కకూ నాకలోకానికీ అన్నట్టు. మనం మాత్రం ఆ పేరును బిరుదు చేసి 1509లో గద్దెనెక్కిన శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చుకున్నాం. ఆంధ్రభోజుడన్నాం. ఆ మాట అన్నవాళ్ళ మనసులో ఉన్నది అక్షర లక్షల భోజుడే. రాయల చుట్టూ కూడా అదే కథ నడిచింది. ఎనిమిది దిగ్గజాలు, ఒకే భువనవిజయం. తెనాలి రామకృష్ణుడు రాయల తర్వాతివాడని పలువురు పండితులు చెప్పినా జనం ఆయన్ను ఆ సభలోంచి లేవనివ్వలేదు, అక్కడ కాళిదాసును లేవనివ్వనట్టే.

కాని ఆ బిరుదు ఇంకో విధంగా కూడా అతికింది. రాయలు ఇచ్చినవాడు మాత్రమే కాదు, 'ఆముక్తమాల్యద' రాసినవాడు. యుద్ధాల నడుమ కూర్చుని గంటం పట్టినవాడు. ఇచ్చిన పేరు కథలోని భోజుడిదైనా, అది చరిత్రలోని భోజుడికి కూడా సరిపోయింది.

అందుకని మీకొక మనవి. ఈసారి పిల్లలకు పెరుగన్నం కలుపుతూ ఆ కథ చెప్పినప్పుడు కాళిదాసును పంపెయ్యకండి. పెరుగు లేకుండా అన్నం ఎలా దిగుతుంది? కథ చెప్పాక ఇంకొక్క మాట కలపండి. ఆ రాజు శ్లోకాలు కొనుక్కున్నవాడు మాత్రమే కాదు, శ్లోకం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి 36 ప్రకాశాల పుస్తకం తానే రాసుకున్నవాడు అని.